కయోటీని పిలిచిన శనివారం

మా టీమ్‌లో ఒకతని నాన్నగారికి టెక్సస్‌లో, శాన్ ఏంజెలో దగ్గర గొర్రెల ర్యాంచ్ ఉంది. పోయిన జనవరిలో ఒకరోజు భోజనాల దగ్గర, "గొర్రెపిల్లల్ని కయోటీలు ఎత్తుకుపోతున్నాయట, శనివారం వేటకి వెళ్తున్నాం, వస్తావా?" అన్నాడు. కయోటీ అంటే నక్కా తోడేళ్ళ జాతికి చెందిన అక్కడి అడవి జంతువు. మాది అనంతపురం జిల్లా. తోడేలు భయానికి మా తాత కంబళి కప్పుకుని మంద పక్కనే పడుకునేవాడు. వెనకాముందూ చూడకుండా సరే అనేశాను.

నేనింకా హెచ్‌వన్‌బీ మీదే ఉన్నాను. ఆ వీసా ఉన్నవాళ్ళు మామూలుగా తుపాకీ పట్టుకోవడమే ఫెడరల్ చట్టం ఒప్పుకోదు. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉంటే మినహాయింపు. 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళకి టెక్సస్‌లో హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు తప్పనిసరి. రెండు రాత్రులు ఆన్‌లైన్‌లో కూర్చుని అది ముగించి, 25 డాలర్లు కట్టి లైసెన్సు తెచ్చుకున్నాను. జింకలకున్నట్టు కయోటీలకి సీజను లేదు, ఏడాది పొడవునా వేటాడవచ్చు.

ఆస్టిన్ నుంచి శుక్రవారం సాయంత్రమే బయలుదేరాం. తెల్లారి చూస్తే ఆ ఊరు మా ఊరిలాగే ఉంది. ఎర్రమట్టి లేదంతే. అక్కడి మెస్కీట్ చెట్టు మన సర్కారు తుమ్మకి దాయాది, దాని కిందంతా నాగజెముడు పొదలు. చలికి మాత్రం వేళ్ళు కొంకర్లు పోయాయి.

పెద్దాయన ట్రక్కు దిగగానే గాలి ఎటు వీస్తోందో చూడటానికి జేబులోంచి చిన్న ప్లాస్టిక్ సీసా తీసి నొక్కారు. తెల్లటి పౌడర్ పొగలా లేచి దక్షిణానికి సాగింది. వేటంతా ఆ పొగలోనే ఉందని మధ్యాహ్నానికి గానీ నాకర్థం కాలేదు. కయోటీ శబ్దం విని వస్తుంది, కానీ చెవిని నమ్మదు. చుట్టూ తిరిగి గాలివాలుకి చేరి, వాసన చూశాకే దగ్గరికొస్తుంది. అందుకని స్పీకరు పెట్టెని ఎదురుగాలి వైపు యాభై గజాల దూరంలో పెట్టి, గాలివాలు మైదానం కనబడేలా మేం పొదల ముందు కూర్చున్నాం.

రిమోట్ నొక్కితే కుందేలు ఏడుపు మొదలైంది. గాయపడ్డ కుందేలు అచ్చం పసిపిల్లలా ఏడుస్తుంది. ఇరవై నిమిషాలు విన్నాక నాకు కడుపులో తిప్పింది. ఏమీ రాలేదు.

రెండో చోట వచ్చింది, నేనే చెడగొట్టాను. ఎడమవైపు ఏదో బూడిదరంగు కదిలినట్టనిపించి తల తిప్పాను. తల ఒక్కటే! అది నిలబడి, నా వైపు ఒక్క క్షణం చూసి, పొగమంచులా మాయమైపోయింది. పెద్దాయన ఏమనలేదు. కొడుకు మాత్రం "కళ్ళు తిప్పు, మెడ తిప్పకు" అన్నాడు. రోజంతా రెండు మానిటర్ల మధ్య మెడ తిప్పేవాడికి అదేమంత సులువా?

మూడో చోట పెద్దాయన మొదట పెట్టె జోలికి పోలేదు. నోటితో ఊదే పిలుపు తీసి రెండుసార్లు ఊళ వేసి ఊరుకున్నారు. అవి జతకట్టే రోజులు కదా, పరాయి ఊళ వింటే ఊరుకోవట. పది నిమిషాలకి వాగు గట్టు మీంచి రెండు దిగాయి. ముందుది పరుగున వస్తుంటే పెద్దాయన కుక్కలా "వుఫ్" అన్నారు. అది టక్కున ఆగింది. తుపాకీ పేలింది, అది అక్కడే పడింది. రెండోది పారిపోయింది. వెంటనే కూన కుయ్యోమనే శబ్దం పెడితే, నమ్మరు, అది వెనక్కి తిరిగొచ్చింది. ఈసారి వంతు నాది. స్కోపులో పసుపు కళ్ళు, నోట్లోంచి ఆవిరి. గుండె దడకి గుర్తు పైకీ కిందికీ ఊగుతోంది. కాల్చాను. దాని ముందు అడుగు దూరంలో దుమ్ము లేచింది.

పెద్దాయన పగలబడి నవ్వారు. "అది ఏ నక్క తోకో తొక్కి వచ్చింది" అని తెలుగులోనే అన్నాను. అర్థం చెప్పేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

పడ్డదాన్ని దగ్గరకెళ్ళి చూశాం. మన నక్క కంటే పెద్దది, తోడేలు కంటే చిన్నది, పన్నెండు కిలోలు ఉంటుందేమో. వేళ్ళు పెడితే మునిగిపోయేంత ఒత్తు బొచ్చు, తోక చివర నలుపు. నేను మీసాల దగ్గర ముట్టుకుని చెయ్యి తీసేశాను. ఇంకా వెచ్చగానే ఉంది. తిరిగి వస్తుంటే పెద్దాయన దొడ్డి వెనక ముందురోజు చచ్చిపోయిన గొర్రెపిల్లని చూపించారు. గొంతు దగ్గర కోరల గుర్తులు తప్ప ఒంటి మీద వేరే గాయం లేదు. ఆ రెంటిలో దేన్ని చూసి ఎక్కువ బాధపడాలో తేల్చుకోలేకపోయాను, ఇప్పటికీ అంతే.

రాత్రి అమ్మకి ఫోన్ చేసి అంతా చెప్పాను.

"శనివారం పూట ఇదేం పనిరా? నువ్వు చంపావా?"

"లేదమ్మా, గురి తప్పింది."

"పోనీలే, మంచిదైంది. తలస్నానం చేసి తిను."