168 డోసులు, ఒక నల్ల తెరచాప

ఊపిరితిత్తుల టీబీకి మందులు మొదలైన మూడో వారంలో నాకు జ్వరం తగ్గి, ఆకలి తిరిగొచ్చింది. చాలామంది మాత్రలు మానేసేది సరిగ్గా అప్పుడే. ఇంగ్లిషు కవి ఫిలిప్ లార్కిన్ 1951లో రాసిన ‘నెక్స్ట్, ప్లీజ్’ కవిత నాకు ఒంటబట్టిందీ ఆ రోజుల్లోనే. ఆ పేరు డాక్టరు గది బయట వినిపించే పిలుపే.

ఆరు చరణాలు, ఒక్కోదానికి నాలుగు పాదాలు, రెండేసి పాదాలకు అంత్యప్రాస. పది అక్షరాల చుట్టూ నడిచే పాదం, ప్రతి చరణం చివర నాలుగుకో ఆరుకో కుంచించుకుపోతుంది. పైకి చదివితే ఊపిరి అందక ఆగినట్టుంటుంది.

సముద్రపు ఒడ్డున ఎత్తైన గుట్ట మీద నిలబడి, వాగ్దానాల ఓడలు దగ్గరవుతుంటే మనం చూస్తుంటాం. ఆ గుట్టకు కవి వాడిన మాట ‘బ్లఫ్’. ఇంగ్లిషులో దానికి బుకాయింపు అనే అర్థమూ ఉంది, అంటే నిలబడ్డ చోటే మోసం. ఓడ దగ్గరయ్యేకొద్దీ ఇత్తడి మెరుపు, ఒక్కో తాడూ విడివిడిగా కనిపిస్తాయి. మూడో చరణంలోని వాక్యం ఆగకుండా నాలుగోదాంట్లోకి సాగిపోతుంది. ఓడా అంతే, లంగరు వేయకుండా దాటిపోతుంది.

మూడో వారం అలాంటి ఓడే. దగ్గు తగ్గడం, బరువు పెరగడం అబద్ధాలు కావు. చురుగ్గా పెరిగే క్రిములు ముందు చస్తాయి కాబట్టి లక్షణాలు పోతాయి. మందకొడిగా ఉన్నవి లోపల మిగులుతాయి. అప్పుడు ఆపితే జబ్బు తిరగబెడుతుంది. కొన్నాళ్లు వేసుకుని కొన్నాళ్లు మానేస్తుంటే మందుకు లొంగని రకం తయారవుతుంది.

మందులకు లొంగే టీబీకి మన దేశంలో రోజూ మాత్రలే: మొదటి 56 డోసుల్లో నాలుగు మందులు, తర్వాతి 112 డోసుల్లో వాటిలో ఒకటైన పైరజినమైడ్ తీసేసి మూడు. 50 నుంచి 64 కిలోల బరువున్న పెద్దవాళ్లకు రోజుకు నాలుగు కలగలుపు మాత్రలు. మిగిలిన మూడింటిలో ఒకటైన రిఫాంపిసిన్ వల్ల మూత్రం నారింజ రంగులోకి మారితే భయపడక్కర్లేదు. కళ్లు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా, ఎరుపూ ఆకుపచ్చా తేడా తెలియకపోయినా అదే రోజు డాక్టరుకు చెప్పాలి. అరికాళ్ల తిమ్మిరి ఐసోనియాజిడ్ అనే మరో మందు వల్ల వస్తుంది, దానికి పిరిడాక్సిన్ (బి6 విటమిన్) ఇస్తారు.

ఈ కవితను ఆశే వద్దంటున్నట్టు చదివితే నేను ఒప్పుకోను. ఐదో చరణంలో కవి పట్టుకున్న తప్పు వేరు: ఇంత భక్తిగా, ఇంతకాలం ఎదురుచూశాం కాబట్టి మంచి మనకు బాకీ ఉందనుకోవడం. ఆ లెక్క రోగికి బాగా తెలుసు. రెండో నెలాఖరున కఫం పరీక్ష నెగటివ్ వచ్చిన రోజున బాకీ తీరిపోయిందనే అనిపిస్తుంది. అప్పటికి అయినవి 56 డోసులే.

చివరి చరణంలో చూపు దిశ మారుతుంది. మిగతా ఓడల కోసం మనం చూశాం, నల్ల తెరచాపల ఓడ, అంటే చావు, ఒక్కటే మనల్ని వెతుక్కుంటూ వస్తుంది. ‘నల్ల’ ఒక పాదం చివర, ‘తెరచాప’ మరుసటి పాదం మొదట పడేలా కవి సమాసాన్ని విరిచాడు. ఆ విరుపు దగ్గర గొంతు తడబడుతుంది. ఓడ వెనకాల పక్షి అన్నది లేని పెద్ద నిశ్శబ్దం. అది వెళ్లిన దారిలో అలైనా లేవదు. ఆ ఓడ రాదని ఏ డాక్టరూ చెప్పలేడు. ఈసారికి అది టీబీ రూపంలో రాకుండా చూడటం మాత్రం మన చేతుల్లో చాలావరకు ఉంది.

మందులు ముగిశాక కూడా 6, 12, 18, 24 నెలలకు పరీక్షకు వెళ్లాలి. నావి రెండు అయ్యాయి.