ఒక్క సీజను కొనుగోలు నుంచి బయటపడ్డాం: కాశీబుగ్గ జీడి ఫ్యాక్టరీలో నా అనుభవం

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం తోటల్లో జీడి పిక్క రాలేది మార్చి నుంచి మే దాకానే. పలాస, కాశీబుగ్గల్లో ఫ్యాక్టరీ ఉన్నవాళ్లంతా ఆ మూడు నెలల్లో ఏడాదికి సరిపడా పిక్కలు కొని, కళ్లంలో ఎండబెట్టి, గోడౌన్లో బస్తాలు పేర్చేవారు. ఆ తర్వాత పది నెలలపాటు అవే కాల్చి, కొట్టి, పొట్టు తీసి, పప్పు అమ్ముకోవడం. మా మావయ్యగారు ముప్పై ఏళ్లు ఇలాగే నడిపారు. నేను బీకాం చదివి ఈ ఇంటికి కోడలిగా వచ్చాను. 2014లో ఖాతా పుస్తకాలు నా చేతికిచ్చారు. ఆ తర్వాతి పదేళ్లలో వ్యాపారం మీద దెబ్బ మీద దెబ్బ పడింది. వాటిని ఎలా దాటామో రాయమని మా బంధువుల్లో ఇదే వ్యాపారం చేసేవాళ్లు అడుగుతున్నారు. అందుకే ఇది.

ముందుగా ఒక లెక్క చెప్పాలి. మిగతాదంతా దాని మీదే నడిచింది. సులువుగా అర్థం కావడానికి రౌండు అంకెలే తీసుకుంటాను. ఏప్రిల్లో 60 లక్షల పిక్కలు కొన్నామనుకోండి. పది నెలల్లో కొంచెం కొంచెంగా పప్పు చేసి అమ్మితే సరుకు సగటున ఐదు నెలలు మన దగ్గరే ఉంటుంది. హోల్‌సేల్ వాళ్లకు రెండు నెలల అరువు. అంటే ప్రతి రూపాయి ఏడు నెలలు ఇరుక్కుపోతుంది. 12 శాతం వడ్డీకి అది 4 లక్షల 20 వేలు. అదే 60 లక్షల సరుకును మూడు విడతలుగా కొని, అరువు నెలకు తగ్గిస్తే డబ్బు సుమారు మూడు నెలలే ఆగుతుంది. వడ్డీ 1 లక్ష 80 వేలు. పప్పు అదే, పనివాళ్లు వాళ్లే, ధర అదే. తేడా 2 లక్షల 40 వేలు. ఈ లెక్క కాగితం మీద వేసి మావయ్యగారికి చూపిస్తే ఆయన చాలాసేపు చూశారు. "మూడు విడతలంటే మూడుసార్లు పిక్కలు ఎక్కడినుంచి వస్తాయమ్మా? చెట్టు ఒక్కసారే కాస్తాది కదా" అన్నారు. ఆయన అడిగింది సరైన ప్రశ్న. దానికి జవాబు దొరకడానికి నాలుగేళ్లు పట్టింది.

2016 నవంబర్ 8న పెద్ద నోట్ల రద్దు వచ్చినప్పుడు పిక్కల కొనుగోలు లేదు కాబట్టి రైతుల దగ్గర ఇబ్బంది పడలేదు. శనివారం కూలి డబ్బులే కష్టమయ్యాయి. కరెంట్ ఖాతా నుంచి వారానికి 50 వేలకు మించి తీయనివ్వలేదు. పొట్టు తీసే ఆడవాళ్లందరికీ బ్యాంకు ఖాతాలు తెరిపించాం. అది ఆ వారాల గండం గట్టెక్కడానికి చేసిన పనే గానీ, తర్వాత చాలా అక్కరకొచ్చింది.

అసలు మార్పు 2017 జూలై 1న జీఎస్టీతో వచ్చింది. జీడిపప్పు మీద 12 శాతం వేస్తారని ముందు అనుకున్నారు, చివరికి 5 శాతం చేశారు. అందరూ హమ్మయ్య అనుకున్నారు. కానీ మాలాంటివాళ్లను పట్టుకున్నది పప్పు మీద పన్ను కాదు, పిక్కల మీద పన్ను. రైతు దగ్గర పిక్కలు కొంటే ఆ 5 శాతం రైతు కట్టడు, కొన్నవాడే కట్టాలి. రివర్స్ ఛార్జ్ అంటారు. పైగా దాన్ని మన దగ్గరున్న క్రెడిట్‌తో, అంటే కొన్నప్పుడు కట్టిన పన్నుకు వచ్చే జమతో, సర్దుబాటు చేయనివ్వరు, రొక్కంగానే కట్టాలి. కట్టాక క్రెడిట్ వస్తుంది, నిజమే. కానీ ఆ క్రెడిట్ తీరేది పప్పు అమ్మిన కొద్దీ, అంటే ఏడాది పొడుగునా. సీజన్లో 60 లక్షల పిక్కలు కొంటే 3 లక్షలు వెంటనే కట్టేయాలి. అసలే చేతిలో డబ్బు లేని నెలలు అవి. మా వీధిలో చాలామంది దీన్ని నష్టం కింద రాసుకున్నారు. నష్టం కాదది, డబ్బు ఆగిపోవడం. రెండూ ఒకటి కావు. నష్టమైతే ధర పెంచి పూడ్చుకోవాలి. డబ్బు ఆగితే తిప్పే తీరు మార్చుకోవాలి. నా లెక్కలో ఈ 3 లక్షలు కూడా చేర్చి మళ్లీ చూపించాను. అప్పుడు మావయ్యగారు మొదటిసారి "సరే, అరువు సంగతి నువ్వు చూడు" అన్నారు.

అరువు తగ్గించడం చెప్పినంత తేలిక కాదు. హైదరాబాద్, కోల్‌కతా వ్యాపారులు మావయ్యగారితో పాతికేళ్ల పరిచయం ఉన్నవాళ్లు. ఫోన్లో నేను మాట్లాడితే "మీ మావగారికివ్వండి" అనేవారు. ఒప్పందం ఇలా పెట్టాం: నెలలోపు డబ్బు పంపితే కిలోకి కొంత తగ్గింపు, దాటితే మామూలు ధర, రెండు నెలలు దాటితే తర్వాతి లోడు పంపం. ఇద్దరు పెద్ద కొనుగోలుదారులు వెళ్లిపోయారు. మిగిలినవాళ్లలో సగం మంది తగ్గింపు కోసం త్వరగా పంపడం మొదలుపెట్టారు. వెళ్లినవాళ్లలో ఒకరి దగ్గర పాత బాకీ వసూలు కావడానికి ఏడాది పైనే పట్టింది. అలాంటివాళ్లు పోవడమే మంచిదని నా అభిప్రాయం. మావయ్యగారు ఇప్పటికీ ఒప్పుకోరు.

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మా పక్కనే తీరం దాటింది. ఫ్యాక్టరీ రేకులు ఎగిరిపోయాయి, వాటి సంగతి వారంలో చూసుకున్నాం. తోటలది వేరే కథ. వజ్రపుకొత్తూరు, మందస, కవిటి వైపు కొబ్బరి, జీడి చెట్లు వేళ్లతో సహా పెకిలిపోయి పడి ఉన్నాయి. జీడి అంటు నాటితే కాపు మొదలవడానికే మూడేళ్లు, నిండు కాపు రావడానికి ఏడెనిమిదేళ్లు. తాతల నాటి తోటలు అవి. ఏటా మాకు పిక్కలు తెచ్చే ఒక రైతు పడిపోయిన చెట్టు మొదలు మీదే కూర్చుని, "ఇంక నాను కాపు సూడనమ్మా, నా మనవడు సూడాల" అన్నాడు. ఆయన వయసుకి ఆ మాట నిజం.

మరుసటి ఏడు లోకల్ పిక్క చాలలేదు. అందరూ విదేశీ పిక్క వైపు పరుగెత్తారు. మా ఇంట్లో కూడా విశాఖ దిగుమతిదారుల దగ్గర కొనక తప్పలేదు. ఇక్కడే మావయ్యగారి ప్రశ్నకు జవాబు దొరికింది. పశ్చిమ ఆఫ్రికాలో, అంటే ఐవరీ కోస్ట్, ఘనా, బెనిన్‌లలో కోత ఫిబ్రవరి నుంచి జూన్ దాకా. అది ఓడల్లో వచ్చేసరికి మాకు వేసవి దాటుతుంది. టాంజానియాలో కోత అక్టోబర్ నుంచి జనవరి దాకా. చెట్టు ఒక్కసారే కాస్తుంది, కానీ అన్ని దేశాల్లో ఒకే నెలలో కాయదు. పిక్కల మీద కస్టమ్స్ సుంకం కూడా 2018 బడ్జెట్‌లో 5 నుంచి 2.5 శాతానికి తగ్గించి ఉన్నారు.

విదేశీ పిక్క కొనేటప్పుడు కళ్లు మూసుకుని బస్తా ఎత్తకూడదు. ఓడలో వారాల తరబడి ఉన్న సరుకు, తేమ పట్టి ఉండొచ్చు. అందుకని కోత పరీక్ష చేస్తాం. లాట్‌లో పలుచోట్ల నుంచి బస్తాల్లో గొట్టం గుచ్చి పిక్కలు తీసి, కలిపి, ఒక కిలో తూస్తాం. ముందు లెక్కపెడతాం: కిలోకి ఎన్ని పిక్కలు? తక్కువ వస్తే పిక్క పెద్దది, గుండు (విరగని) పప్పు పెద్ద గ్రేడ్‌లో పడుతుంది. తర్వాత ఒక్కొక్కటీ నిలువుగా కోసి నాలుగు కుప్పలు: మంచివి, మచ్చ ఉన్నవి, తాలు, పాడైనవి. జీడి జిడ్డు వేళ్లకు అంటకుండా ముందే ఆముదం రాసుకోవాలి. లేకపోతే చర్మం కాలి పొర లేస్తుంది. మంచి పప్పును పొట్టుతోనే తూచి, మచ్చ ఉన్నదాని బరువులో సగం కలుపుతాం. కిలోకి 272 గ్రాములు వస్తే 80 కిలోల బస్తాకి 48 పౌండ్ల పప్పు, అంటే దాదాపు 22 కిలోలు. బేరమంతా ఆ అంకె మీదే. ఒకసారి కాగితం మీద 48 అని రాసిన సరుకు మా కోత పరీక్షలో 44 వచ్చింది. బస్తాకి దాదాపు రెండు కిలోల పప్పు తేడా! ఆ లాట్ వద్దన్నాం. ఈ పని మా మావయ్యగారి చేతికి నాకన్నా బాగా తెలుసు. పిక్కను చెవి దగ్గర పెట్టి ఊపి, చప్పుడును బట్టి ఎండు చెప్పేస్తారు. ఆ అనుభవం విశాఖ గోడౌన్లో కూడా పనికొస్తుందని తెలిశాక ఆయన విదేశీ పిక్క గురించి సణగడం మానేశారు. కానీ ఒక షరతు పెట్టారు: మొదటి విడత ఎప్పుడూ ఉద్దానం రైతుల దగ్గరే కొనాలి. నాకూ అదే ఇష్టం. రుచిలో మన పిక్కకు సాటి లేదు, పైగా వాళ్లు మా మనుషులు.

2020 మార్చి చివర్లో లాక్‌డౌన్ సరిగ్గా కొనుగోలు రోజుల్లో పడింది. పెళ్లిళ్లు లేవు, స్వీటు షాపులు మూశారు, హోల్‌సేల్‌కు పంపే టిన్నుల సరుకు కదల్లేదు. ఏడాది సరుకంతా అప్పటికే కొని ఉంటే మునిగిపోయేవాళ్లం. మా దగ్గర ఒక్క విడతే ఉంది. అప్పుల కిస్తీలు ఆగస్టు 31 దాకా కట్టకుండా ఆగే వీలు రిజర్వు బ్యాంకు ఇచ్చింది. కేంద్రం హామీతో పాత బాకీలో 20 శాతం అదనపు అప్పు తనఖా లేకుండా వచ్చింది: నాలుగేళ్ల గడువు, మొదటి ఏడాది వడ్డీ కడితే చాలు. దాన్ని పిక్కల మీద పెట్టలేదు. ఆహార లైసెన్సుకు, తూకం, గరిష్ఠ ధర, ప్యాక్ చేసిన నెల ముద్రించిన సంచులకు, సీలు మిషనుకు వాడాం. పావు కిలో, అర కిలో ప్యాకెట్లు వేసి శ్రీకాకుళం, విజయనగరం కిరాణా కొట్లకు ఇచ్చాం. టిన్ను మీద వచ్చే లాభం కన్నా కిలోకి ఎక్కువే మిగిలింది, డబ్బు వారంలో చేతికొచ్చింది.

మరుసటి ఏడాది పొట్టు తీసే మిషను మాట వచ్చింది. కేంద్రం సూక్ష్మ ఆహార పరిశ్రమల పథకంలో అప్పట్లో 35 శాతం సబ్సిడీ, గరిష్ఠంగా 10 లక్షలు. దరఖాస్తు చేసేవాళ్లకు ఒకటి చెప్పాలి: ఆ డబ్బు చేతికి రాదు. బ్యాంకులోనే విడిగా ఉంచుతారు, మూడేళ్లు వాయిదాలు సరిగ్గా కట్టి యూనిట్ నడుస్తుంటేనే అప్పులో జమ చేస్తారు. సబ్సిడీ ముందే వస్తుందనుకుని చేతి డబ్బు ఖర్చు పెట్టినవాళ్లు ఇబ్బంది పడ్డారు.

మిషను కన్నా మాకు కష్టమైనది మనుషుల సంగతి. మా దగ్గర పాతికేళ్లుగా పొట్టు తీస్తున్న పెద్దావిడ ఒక రోజు సాయంత్రం తూకం అయ్యాక నిలబడిపోయింది. "మిషను ఎట్టేస్తే మమ్మల్నేటి సేస్తావు కోడలమ్మా? ఇంటికి పొమ్మంతావేటి?" అంది. వెనక పదిమంది నిలబడి ఉన్నారు. జవాబు నోటితో చెప్తే నమ్మరు. ఒకే లాట్‌ను సగం చేసి, సగం వాళ్ల చేతికి, సగం డెమో మిషనుకు ఇచ్చాం. వాళ్ల ముందే తూచాం. మిషను పని వేగం, కానీ విరిగిన పప్పు ఇంచుమించు రెట్టింపు. బోర్మాలో, అంటే వేడి గదిలో, ఆరబెట్టడం కొంచెం ఎక్కువైనా పప్పు పెళుసై బద్దలైపోతోంది. గుండుకు, బద్దకు ధరలో ఉన్న తేడా ఏపాటిదో ఈ వీధిలో అందరికీ తెలుసు. చివరికి తేల్చింది ఇది: చిన్న పప్పు మిషనుకు, డబ్ల్యూ 240 (పౌండుకు 240 దాకా గుండు పప్పులు తూగే గ్రేడ్, అంకె పెరిగితే పప్పు చిన్నది), అంతకన్నా పెద్ద పప్పు చేతికి. మిషనులో పొట్టు పూర్తిగా పోనివి మళ్లీ వాళ్లకే. కొందరిని గ్రేడింగ్‌కు, ప్యాకింగ్‌కు మార్చి కిలో లెక్క తీసేసి రోజు కూలి ఇచ్చాం. ఎవరినీ పంపలేదు. ఇది దయతో చేసిన పని కాదు. 320కి, 240కి తేడా చూపుతోనే పట్టే చెయ్యి దొరకడం కష్టం.

2024 ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఇంకో గడబిడ. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమలకు కేంద్రం ఇచ్చే నమోదు) ఉన్న చిన్న తయారీదారుకు ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో డబ్బు కట్టకపోతే కొన్నవాళ్లకు ఆ ఖర్చు డబ్బు నిజంగా కట్టిన ఏడాది ఆదాయపు పన్ను లెక్కలోనే చెల్లుతుందనే నిబంధన ఆ ఆర్థిక సంవత్సరం లెక్కలకే మొదటిసారి వర్తించింది. కొందరు కొనుగోలుదారులు "మీ ఉద్యమ్ రద్దు చేసుకోండి, లేకపోతే వేరేచోట కొంటాం" అన్నారు. రద్దు చేయలేదు. ఇన్వాయిస్ మీద ఆ నంబరు ఇంకా పెద్ద అక్షరాల్లో వేయించాం. అప్పటికే మా అరువు నెల కాబట్టి మాకు పోయింది తక్కువ. చిన్న తయారీదారులకు ఇన్నేళ్లలో దక్కిన నిజమైన రక్షణ ఇదేనని నేను నమ్ముతాను. దాన్ని భయంతో వదులుకోకండి.

ఇప్పుడు ఇంట్లో చర్చ పిక్క పెంకు కోసే ఆటోమేటిక్ కటింగ్ మిషను గురించి. కాలితో తొక్కి చేత్తో కోసే పాత కటింగ్‌కు కొత్తగా ఎవరూ నేర్చుకోవడానికి రావడం లేదు. మా ఆయన కొనేద్దామంటున్నారు. మావయ్యగారు రెండేళ్లు ఆగమంటున్నారు. నేను ఎవరి వైపూ చెప్పలేదు. పొట్టు మిషనుకు చేసినట్టే ఇక్కడ కూడా ఒకే లాట్‌ను సగం సగం కోయించి, విరిగిన పప్పు తూచి, అప్పుడు బ్యాంకుకు వెళ్దామన్నాను. దసరా సరుకు వెళ్లిపోయాక ఆ పని పెట్టుకుందామని ముగ్గురం ఒప్పుకున్నాం.