49 ఫెయిల్, 50వది పాస్: హైబర్నేట్ ఐడీ చిక్కు విప్పిన తీరు

మా జావా యాప్ హైబర్నేట్ అనే లైబ్రరీ ద్వారా డేటాబేస్‌తో మాట్లాడుతుంది. ఆ యాప్ నుంచి ఆర్డర్స్ టేబుల్లో ఇన్సర్టులు (కొత్త వరసలు చేర్చడం) పడటం లేదు. డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ ఇచ్చిన ఎర్రర్ కోడ్ 23505, అంటే డూప్లికేట్ కీ: ఆ ఐడీ టేబుల్లో ఇప్పటికే ఉంది. విచిత్రం ఏమిటంటే అన్నీ ఫెయిల్ కావడం లేదు. వరసగా నలభైకి పైగా పోయాక ఒకటి పడుతోంది, మళ్లీ మొదటికి వస్తోంది.

ఈ ఎర్రర్ చూడగానే ఎవరికైనా మొదట వచ్చే అనుమానం, ఎవరో ఐడీలతో సహా డేటా ఇంపోర్ట్ చేశారని. ఐడీని మనమే ఇచ్చి ఇన్సర్ట్ చేస్తే సీక్వెన్స్ (కొత్త ఐడీ నంబర్లు ఇచ్చే డేటాబేస్ కౌంటర్) కదలదు, వెనకబడిపోతుంది. అందుకే ముందు రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూశాను. టేబుల్లో అతి పెద్ద ఐడీ 12040, సీక్వెన్స్ లాస్ట్ వ్యాల్యూ 12041. సీక్వెన్స్ వెనకబడలేదు, కాబట్టి ఇంపోర్ట్ అనుమానం అక్కడితో పోయింది.

తర్వాత హైబర్నేట్ బైండ్ లాగర్‌ని (క్వెరీలో పెట్టే విలువలను రాసే లాగ్) ట్రేస్ లెవెల్‌కి, అంటే అన్ని వివరాలూ రాసే స్థాయికి, పెట్టాను. క్వెరీ ఒక్కటే చూస్తే ప్రశ్నార్థకాలే కనిపిస్తాయి, అసలు విలువలు ఈ లాగ్‌లోనే దొరుకుతాయి. నెక్స్ట్‌వ్యాల్ (సీక్వెన్స్ నుంచి తర్వాతి నంబరు తెచ్చే ఫంక్షన్) 12041 ఇస్తే, ఇన్సర్ట్‌లో వెళ్లిన ఐడీ 11992. తేడా 49. ఈ అంకె కనిపించాక వెతకాల్సింది ఒక్కటే మిగిలింది: అలొకేషన్ సైజ్, అంటే హైబర్నేట్ ఒక్కసారికి ఎన్ని ఐడీలు తీసుకుంటుందనేది.

బ్యాచ్ ఇన్సర్ట్ (చాలా వరసలు ఒకేసారి పంపడం) కోసం ఎంటిటీని (టేబుల్‌కి జతైన జావా క్లాస్) ఐడెంటిటీ (ఇన్సర్ట్ సమయంలో డేటాబేసే ఐడీ ఇచ్చే పద్ధతి) నుంచి సీక్వెన్స్‌కి మార్చారు. మార్చడం సబబే. ఐడెంటిటీతో అయితే ఇన్సర్ట్ జరిగితే తప్ప ఐడీ తెలియదు కాబట్టి హైబర్నేట్ ఇన్సర్టులను బ్యాచ్ చేయలేదు. అయితే సీక్వెన్స్ జనరేటర్‌లో పాత సీక్వెన్స్ పేరు ఇచ్చి, అలొకేషన్ సైజ్ రాయకుండా వదిలేశారు. రాయకపోతే అది 50. బిగ్‌సీరియల్ (నంబరు తానే పెరిగే పోస్ట్‌గ్రెస్ రకం) కాలమ్‌తో పుట్టిన సీక్వెన్స్ మాత్రం ఒక్కొక్కటిగానే పెరుగుతుంది.

ఐడీలను కట్టలుగా పంచే హైబర్నేట్ పూల్డ్ ఆప్టిమైజర్, నెక్స్ట్‌వ్యాల్ ఇచ్చిన అంకెను 50 నంబర్ల కట్టకి చివరిదిగా లెక్కిస్తుంది. అంటే 12041 వస్తే 11992 నుంచి 12041 దాకా తనవే అనుకుంటుంది. అందులో మొదటి 49 టేబుల్లో ఎప్పుడో ఉన్నాయి. ఇన్సర్ట్ ఫెయిలైనా వాడిన నంబరు వెనక్కి రాదు, కాబట్టి ఒక్కో ప్రయత్నానికి ఒక మెట్టు ముందుకు జరిగి, 50వ సారి 12041 పడుతుంది. తర్వాత నెక్స్ట్‌వ్యాల్ 12042 ఇస్తుంది. కట్ట 11993 నుంచి మొదలు, మళ్లీ 49 ఫెయిల్. మధ్యలో డిలీట్ అయిన ఐడీలుంటే అవి చడీచప్పుడు లేకుండా మళ్లీ వాడుకలోకి వస్తాయి. నా దృష్టిలో ఎర్రర్ కన్నా ఇదే ప్రమాదం. ఏడే వరసలున్న ఇంకో చిన్న టేబుల్లో అయితే 8 లోంచి 49 తీసేసి మైనస్ 41తో మొదలుపెట్టింది.

నిజానికి అలొకేషన్ సైజ్‌కీ సీక్వెన్స్ పెరుగుదలకీ ఇలా తేడా ఉంటే హైబర్నేట్ స్టార్టప్‌లోనే ఆగిపోవాలి. అప్పుడు ఏం చేయాలో చెప్పే సెట్టింగ్, ఇంక్రిమెంట్ మిస్‌మ్యాచ్ స్ట్రాటజీ, డీఫాల్ట్‌గా ఎక్సెప్షన్, అంటే ఎర్రర్‌తో ఆపేయడం. దాన్ని ఎవరో లాగ్ (రాసి వదిలేయడం) అని మార్చి నోరు నొక్కారు. టెస్టుల్లోనూ దొరకలేదు. అక్కడ హెచ్‌2 అనే వేరే డేటాబేస్‌లో స్కీమాని (టేబుళ్ల నిర్మాణం) హైబర్నేటే తయారుచేసుకుంటుంది, సీక్వెన్స్‌ని 50తోనే పుట్టిస్తుంది.

సరిచేయడానికి రెండు దారులు. అలొకేషన్ సైజ్ 1 అని రాస్తే చాలు, కానీ ప్రతి వరసకీ డేటాబేస్‌కి ఒక ట్రిప్ అదనం, బ్యాచింగ్ లాభం సగం పోతుంది. నేను సీక్వెన్స్‌నే మార్చాను. ముందు యాప్ ఇన్‌స్టాన్సులన్నీ ఆపాలి, ఎందుకంటే మెమరీలో పాత కట్టలు మిగిలి ఉంటాయి. ఆపైన ఆల్టర్ సీక్వెన్స్‌తో ఇంక్రిమెంట్ బై 50, వెంటనే సెట్‌వ్యాల్‌తో సీక్వెన్స్‌ని మ్యాక్స్ ఐడీకి పెట్టాలి. మ్యాక్స్ 12041 అనుకుంటే తర్వాతి నెక్స్ట్‌వ్యాల్ 12091, కట్ట 12042 నుంచి. సెట్‌వ్యాల్‌కి మ్యాక్స్ ప్లస్ 50 ఇవ్వనక్కర్లేదు. నేరుగా ఎస్‌క్యూఎల్‌తో ఇన్సర్ట్ చేసే పాత స్క్రిప్టులకు ఇబ్బంది లేదు, వాటి ఐడీలు యాభై చొప్పున దూకుతాయంతే. రిపోర్టులవాళ్లు ఐడీల మధ్య ఖాళీల గురించి అడుగుతారు. రోల్‌బ్యాక్‌లో (చేసిన మార్పు రద్దయినప్పుడు) కూడా నెక్స్ట్‌వ్యాల్ వెనక్కి రాదు కాబట్టి ఆ ఖాళీలు ఇంతకుముందూ ఉన్నవే.

మైనస్ ఐడీలను ముట్టుకోలేదు. వాటిని ఫారిన్ కీలు (వేరే టేబుళ్ల నుంచి ఈ ఐడీలను చూపే లింకులు) పట్టుకుని ఉన్నాయి, ఆ వరసలు మామూలుగానే పనిచేస్తున్నాయి. మిస్‌మ్యాచ్‌ని లాగ్‌కి పరిమితం చేసిన సెట్టింగ్ మాత్రం తీసేసి, టెస్టులను కూడా పోస్ట్‌గ్రెస్ మీదికి, అవే మైగ్రేషన్ ఫైళ్లతో (టేబుళ్ల మార్పుల స్క్రిప్టులు) మార్చాను. మొదటి రన్‌లోనే ఇంకో రెండు ఎంటిటీలు అదే తేడాతో బయటపడ్డాయి.