అత్త చూసిన ఐదు నిమిషాలు

మామ పోయి ఏడాది తిరిగాక అత్తను తిరుమలకు తీసుకెళ్లే పని నా మీద పడింది. పలమనేరులో చీకటితోనే బస్సెక్కి, తిరుపతిలో దిగి అలిపిరి చేరాం. బస్సులోనే కొండెక్కుదామంటే అత్త వినలేదు. 'మొక్కుకోనుండా. నడిచే వస్తా' అంది.

మొత్తం 3,550 మెట్లు. అసలు కష్టమంతా గాలిగోపురం దాకానే. తర్వాత చాలాదూరం తేలిక, మళ్లీ మోకాలి మెట్టు దగ్గర కాళ్లు మొరాయిస్తాయి. గోపురం దాకా నేను పైకి చూస్తూ, ఫోన్లో టైం చూస్తూ ఎక్కాను. ఎంతకీ తరగలేదు. పక్కనే ఒకావిడ ప్రతి మెట్టుకూ పసుపు రాసి కుంకుమ పెడుతూ, వంగి లేస్తూ వస్తోంది. 'ఎంతసేపయిందమ్మా మొదలుపెట్టి?' అని అత్త అడిగితే, 'ఏమో, చూసుకోలేదక్కా' అంది.

పైన పుష్కరిణి పక్కన ఆనవాయితీ ప్రకారం ముందు వరాహస్వామిని చూసుకున్నాం. సంకల్పంలో చెప్పే శ్వేతవరాహ కల్పం ఈ అవతారం పేరు మీదే. ఒక కల్పమంటే 432 కోట్ల ఏళ్లు. అంత కాలాన్ని ఒక్క గుక్కలో చదివేస్తాం గానీ, కంపార్ట్‌మెంట్‌లో అరగంట కుదురుగా కూర్చోలేం.

ఫోన్లు డిపాజిట్ చేసేశాం కదా, నా చెయ్యి మాటిమాటికీ ఖాళీ జేబులోకి పోతోంది. గేటు ఎప్పుడు తీస్తారో తెలియకపోవడమే పెద్ద టెన్షన్. ఎంతసేపో తెలియని నిరీక్షణ, చేతిలో పనిలేని నిరీక్షణ ఉన్నదానికన్నా ఎక్కువ అనిపిస్తాయని మేనేజ్‌మెంట్ నిపుణుడు డేవిడ్ మైస్టర్ 1985లోనే క్యూల గురించి రాశాడు. ఉప్మా పంచిన కాసేపు మాత్రం ఎవరికీ టైం గుర్తురాలేదు.

అక్కడే అత్త మామ సంగతి ఎత్తింది. 'ఆస్పత్రి వరండాలో ఒక్కో రాత్రి తెల్లారేదే కాదురా. ఆయన పోయినాక దినం గడవదు. ఏడాది మాత్రం నిన్నో మొన్నో అన్నట్టు అయిపాయ.' ఏమీ జరగని కాలం గడిచేటప్పుడు సాగుతుందని, తర్వాత తలుచుకుంటే కుంచించుకుపోతుందని మనస్తత్వవేత్త విలియం జేమ్స్ 1890లో రాసింది ఇదే. ఆ పేరు అత్తకు చెప్పలేదు. చెప్పుంటే 'ఆయనకూ ఎవరన్నా పోయినారా?' అని అడిగేది.

గేటు తీశారు. తోపులాట, గోవింద నామాలు, 'జరగండి జరగండి'. బయటికొచ్చాక అత్త కళ్లు తుడుచుకుంటూ 'ఐదు నిమిషాలన్నా నిలబెట్టినార్రా నన్ను' అంది. నేను సరిగ్గా ఆమె వెనకే ఉన్నాను. పది సెకన్లు కూడా లేదు.

వాదించలేదు. మెదడు శాస్త్రవేత్త డేవిడ్ ఈగిల్‌మన్ బృందం 2007లో ప్రచురించిన ప్రయోగంలో మనుషుల్ని 31 మీటర్ల ఎత్తు నుంచి కింద వలలోకి వదిలారు. ఇతరులు పడ్డప్పటికన్నా తాము పడ్డ సమయం సగటున 36 శాతం ఎక్కువని వాళ్లు చెప్పారు. అలాగని ఆ క్షణంలో వాళ్ల కళ్లకు లోకం నెమ్మదించిందేమీ లేదు, పడుతుండగా వేగంగా మారే అంకెలు చదివించి మరీ చూశారు. సాగదీసేది జ్ఞాపకమేనని ఆ బృందం తేల్చింది. అక్కడ భయం చేసిన పనే ఇక్కడ భక్తీ చేసిందేమో.

లడ్డూలు తీసుకుని బస్సులో కొండ దిగాం. రాత్రి పలమనేరులో పక్కింటావిడకు ప్రసాదం పెడుతూ అత్త దర్శనం సంగతి చెబుతోంది. ఐదు నిమిషాలు అప్పటికే పదయ్యాయి.