‘ది ఆర్విల్’: అనుకరణ అని తెలిసీ ఎందుకు చూశారు?

2017 సెప్టెంబరు 10న అమెరికాలోని ఫాక్స్ టెలివిజన్ ‘ది ఆర్విల్’ అనే అంతరిక్ష ధారావాహిక మొదటి ఎపిసోడ్‌ను ప్రసారం చేసినప్పుడు దానిని 85 లక్షల మందికి పైగా చూశారు. సమీక్షకులు మాత్రం దానిని చీల్చి చెండాడారు. సమీక్షలను పోగుచేసే రాటెన్ టొమాటోస్ వెబ్‌సైటులో మొదటి సీజన్‌ను మెచ్చుకున్న సమీక్షకులు సుమారు 30 శాతమే కాగా, అక్కడే సాధారణ ప్రేక్షకులు ఇచ్చిన మార్కులు 90 శాతం దాటాయి. ఇంత ఎడం కనిపించినప్పుడు, సమీక్షకులకు లోతు కావాలి, జనానికి కాలక్షేపం చాలు అని తేల్చేయడం మనకు అలవాటు. ఈ ధారావాహిక విషయంలో ఆ లెక్క కుదరదని నా అభిప్రాయం. ఇది ‘స్టార్ ట్రెక్’ అనే పాత అంతరిక్ష ధారావాహికకు అనుకరణ అన్న సంగతి సమీక్షకులకన్నా దీనిని ఇష్టపడినవారికే ఎక్కువ తెలుసు.

అనుకరణ ఎంతవరకు అన్నది దాచిపెట్టవలసిన విషయమే కాదు, ఎందుకంటే దీనిని తీసినవారే దాచలేదు. స్టార్ ట్రెక్‌లో ఫెడరేషన్ అనే గ్రహాల కూటమి ఉంటే ఇక్కడ ప్లానెటరీ యూనియన్ ఉంది. ఆర్విల్ అనే నౌకలో ఎవరి విభాగం ఏదో చెప్పే రంగురంగుల యూనిఫారాలు, మధ్యలో కెప్టెన్ కుర్చీ, ఊహాలోకాన్ని గదిలో సృష్టించే సిమ్యులేటర్, అడిగిన వంటకాన్ని క్షణంలో ఇచ్చే యంత్రం, డబ్బుతో పని లేని సమాజం, మనుషులను అర్థం చేసుకోవాలని వచ్చిన భావరహితుడైన కృత్రిమ జీవి, నవ్వడం ఎరుగని యోధజాతి అధికారి, ఇవన్నీ మక్కీకి మక్కీ అక్కడివే. నౌక చుట్టూ కెమెరా తిరుగుతుండగా బ్రూస్ బ్రాటన్ సమకూర్చిన వాద్యబృంద సంగీతం వినిపించే తీరు కూడా అంతే. సృష్టికర్త, కెప్టెన్ ఎడ్ మెర్సర్ పాత్రధారి అయిన సెత్ మెక్‌ఫార్లేన్ అంతకు పదేళ్ళకు పైగా ముందే ‘స్టార్ ట్రెక్: ఎంటర్‌ప్రైజ్’లో ఒక చిన్న ఇంజనీరు వేషం వేశాడు. నిర్మాతల్లో ఒకడైన బ్రానన్ బ్రాగా స్టార్ ట్రెక్ శాఖలు మూడింటికి రాసినవాడు. స్టార్ ట్రెక్‌లో రైకర్ పాత్రధారి జొనాథన్ ఫ్రేక్స్ ఇక్కడ కొన్ని ఎపిసోడ్లకు దర్శకత్వం వహించాడు. వైద్యురాలు క్లెయిర్ ఫిన్‌గా నటించిన పెన్నీ జాన్సన్ జెరాల్డ్ కూడా ఆ ఇంటి నుంచి వచ్చినదే. అందుచేత దీనిని దొంగతనం అనడానికి నాకు నోరు రాదు.

మన పద్యనాటకాల ప్రేక్షకులు నాకిక్కడ గుర్తుకు వస్తారు. రాయబారం సీను చూడటానికి వెళ్ళినవాడు కృష్ణుడు సంధి కుదుర్చుకుని వస్తాడా లేదా అని ఉత్కంఠపడుతూ కూర్చోడు. తనకు కంఠతా వచ్చిన పద్యాన్ని ఈ నటుడు ఎలా ఎత్తుకుంటాడు, రాగం ఎక్కడ సాగదీస్తాడు, ఎక్కడ విరుస్తాడు అని వింటాడు, నచ్చితే ‘వన్స్ మోర్’ అంటాడు. ఆర్విల్ అభిమానుల్లో గణనీయమైన భాగం ఈ రకమే. మా పెద్దన్నయ్య దూరదర్శన్‌లో ఆదివారం ఉదయాల్లో స్టార్ ట్రెక్ చూసిన తరంవాడు. ఆర్విల్‌లో ఒక్కొక్క ఎపిసోడ్ చూస్తూ, ఇది ఫలానా కథకు నకలు, ఈ మలుపు ఫలానా చోటిది అని చెబుతూనే ఉంటాడు, అయినా ఆపడు. ‘ఎక్కడిదో తెలుసు కాబట్టే చూస్తున్నాను’ అన్నది ఆయన సమాధానం.

ఇష్టపడినవారి మాటల్లో పదే పదే వినబడే మరొక కారణం ప్రసారకాలానికి సంబంధించినది. ఆర్విల్ మొదలైన రెండు వారాలకు, సెప్టెంబరు 24న, అసలు పేరుతోనే ‘స్టార్ ట్రెక్: డిస్కవరీ’ వచ్చింది. దాని తొలి ఎపిసోడ్ మాత్రమే సీబీఎస్ టెలివిజన్‌లో ఉచితంగా వేసి, తరువాతివి చందా కడితే తప్ప కనబడని వేదికకు తరలించారు. అందులో వెలుతురు తక్కువ, యుద్ధం ఎక్కువ. కథ సీజన్ పొడవునా ఒకే తీగలా సాగుతుంది. వారానికి ఒక గ్రహం, ఒక చిక్కు, ఒక వాదం, చివరకు ఏదో ఒక తీర్పు అనే పాత పద్ధతికి అలవాటుపడినవారికి అది పరాయిగా తోచింది, వెలుతురు నిండిన నడవాలతో ఉన్న ఆర్విల్ తమ ఇల్లులా కనబడింది. పేరు ఒకచోట, పద్ధతి మరొకచోట చేరాయన్నమాట. ఈ పోలిక వల్ల డిస్కవరీకి కొంత అన్యాయం జరిగిందనే అనుకుంటాను. అది వేరే పని చేయాలని బయలుదేరింది. అటూ ఇటూ చేరి కత్తులు దూసుకున్నవారికి తెలియవలసిన విషయం ఒకటుంది: పైన చెప్పిన ఫ్రేక్స్ ఆ రెండు ధారావాహికల మొదటి సీజన్లలోనూ దర్శకుడిగా పనిచేశాడు.

ఇక హాస్యం. మెక్‌ఫార్లేన్ అంటే ‘ఫ్యామిలీ గై’ అనే యానిమేషన్ హాస్య ధారావాహిక సృష్టికర్త అని అమెరికాలో అందరికీ తెలుసు. ఫాక్స్ వారు కూడా తొలి ప్రకటనలలో జోకులనే ముందు పెట్టారు. దాంతో చాలామంది పేరడీ చూడబోతున్నామనుకుని కూర్చున్నారు. ఎదురైనది మాత్రం నిజాయితీ గల సాహసగాథ, మధ్య మధ్య తగిలించిన బాత్రూము జోకులు. సమీక్షకుల కోపంలో సగం ఈ రెండింటికీ పొత్తు కుదరకపోవడం మీదనే, అంతవరకు వారితో నేను ఏకీభవిస్తాను. విడిపోయిన భార్య కెల్లీ గ్రేసన్ తన కిందనే ఫస్ట్ ఆఫీసరుగా రావడం మీద కెప్టెన్ వేసే వెటకారాలు మూడోసారికే విసుగు పుట్టిస్తాయి. అయితే అన్ని జోకులూ ఒకే జాతివి కావు. ఒక కార్యాలయంలో ఏళ్ళ తరబడి కలిసి పనిచేసేవారి మధ్య సహజంగా పుట్టే చతుర్లు, చుక్కాని దగ్గర కూర్చున్న గోర్డన్, జాన్ ఇద్దరూ మాట్లాడుకునేవి, నాకు నచ్చుతాయి; ఆ నౌకలో మనుషులున్నారన్న నమ్మకం కలుగుతుంది. ఏడాదికి ఒక్కసారే మూత్రవిసర్జన చేసే బోర్టస్ (పైన చెప్పిన యోధజాతి అధికారి), ఆ కార్యక్రమం కోసం స్వగ్రహానికి బయలుదేరడం రెండో సీజన్ ప్రారంభ కథలో ఒక భాగం. ఇది ఎంత చవకబారు జోకో, ఆ నటుడు పీటర్ మేకన్ ముఖంలో ఒక్క కండరం కదలకుండా దానిని ఎంత గంభీరంగా పలికాడో రెండూ నిజమే. ఇంటరు చదివే మా మేనల్లుడికి అసలు స్టార్ ట్రెక్ పరిచయమే లేదు. అతనికి అనుకరణ గొడవ పట్టలేదు, జోకులే నచ్చాయి, అవి తగ్గినకొద్దీ ఆసక్తి తగ్గింది.

అసలు ఈ ధారావాహిక తన కాళ్ళ మీద నిలబడిన చోటు ఆ బోర్టస్ కుటుంబమే. అతని మోక్లన్ జాతిలో అందరూ మగవారేనని మొదట మనకు చెబుతారు. మూడవ ఎపిసోడ్ ‘అబౌట్ ఎ గర్ల్’ బోర్టస్, క్లైడెన్ దంపతులకు పుట్టిన ఆడశిశువు కథ. దానిని శస్త్రచికిత్సతో మగపిల్లవాడిగా మార్చడమే వారి ఆచారం. బోర్టస్ కూడా మొదట అందుకు సిద్ధమే. గోర్డన్, జాన్ కలిసి అతనికి 1964 నాటి ‘రుడాల్ఫ్’ అనే క్రిస్మస్ బొమ్మల చిత్రం చూపిస్తారు. ఎర్రముక్కుతో పుట్టి అందరి హేళనకు గురైన దుప్పి కథ చూసి అతని మనసు మారుతుంది. వివాదం మోక్లస్ గ్రహంలోని న్యాయస్థానానికి చేరుతుంది. అక్కడ, ఆ జాతి మహారచయితగా కొలిచే వ్యక్తి నిజానికి స్త్రీ అని బయటపడుతుంది. ఇంతవరకు చూసిన స్టార్ ట్రెక్ అభిమాని ఎవరైనా సరే, ఇక మంచి వక్తృత్వంతో కేసు గెలుస్తారని ఊహిస్తాడు. వారు ఓడిపోతారు. శస్త్రచికిత్స జరిగిపోతుంది. తండ్రులిద్దరూ టోపా అనే ఆ బిడ్డను ఎత్తుకుని నిలబడటంతో ఎపిసోడ్ అయిపోతుంది.

ఈ ముగింపు మీద ప్రేక్షకుల అభిప్రాయాలు నిట్టనిలువునా చీలాయి. మాటవరుసకు ఒక పెద్ద సమస్య ఎత్తి, తీర్పు పేరుతో తప్పించుకున్నారని కొందరన్నారు. లోకం అలాగే ఉంటుంది కదా, దీనిని చూపే ధైర్యమైనా చేశారని మరికొందరన్నారు. ఆ సమయానికి నేను మొదటి పక్షానికే మొగ్గేవాడిని, ఎందుకంటే వారం వారం కొత్త కథ చెప్పే పద్ధతిలో తరువాతి ఎపిసోడ్‌కు ఇదంతా మరచిపోవడం ఆనవాయితీ. ఇక్కడ మరచిపోలేదు. రెండో సీజన్‌లో మోక్లన్ స్త్రీలు దాక్కుని బతికే కాలనీ ఒకటి బయటపడుతుంది. యూనియన్ వాడే ఆయుధాలలో ముఖ్యమైనవి మోక్లన్లు తయారుచేసినవి, కాబట్టి ఆదర్శాలు వల్లించే యూనియన్ అక్కడ నీళ్ళు నములుతుంది. 2022లో వచ్చిన మూడో సీజన్‌లో, పెరిగి పెద్దదైన టోపాకు తనకు ఏమి జరిగిందో తెలుస్తుంది. ‘ఎ టేల్ ఆఫ్ టు టోపాస్’ అనే ఆ ఎపిసోడ్‌లో ఆమె తిరిగి స్త్రీ కావడం, క్లైడెన్ ఆమెను తూలనాడి ఇల్లు విడిచిపోవడం, ‘మిడ్‌నైట్ బ్లూ’లో ఈ వ్యవహారం ముదిరి మోక్లస్‌ను యూనియన్ నుంచి వెలివేయడం, దాని ఫలితంగా కేలాన్ అనే కృత్రిమ జాతితో జరుగుతున్న యుద్ధంలో కూటములే మారిపోవడం, ఇదంతా 2017లో ఓడిపోయిన ఒక కేసు నుంచి అయిదేళ్ళపాటు పెరుగుతూ వచ్చిన కథ. అరువు తెచ్చుకున్న రూపంలో అప్పు ఇచ్చినవారే అరుదుగా చేసిన పని ఇది.

అదే న్యాయం అన్ని ఎపిసోడ్లకూ వర్తించదు. తాము నౌకలో ఉన్నామని తెలియకుండా తరాలుగా అందులోనే బతుకుతున్న జనం కథ 1960ల స్టార్ ట్రెక్‌లోనే వచ్చింది. ఆర్విల్ దానికి చేర్చినది దాదాపు ఏమీ లేదు. నచ్చినవారికి ఒక మీట, నచ్చనివారికి మరొక మీట నొక్కి, కోటి వ్యతిరేక ఓట్లు పడితే మెదడును ‘సరిదిద్దే’ సమాజం కథ ‘మెజారిటీ రూల్’ నడక బాగుంటుంది కాని చెప్పదలచింది మొదటి పది నిమిషాలలోనే అర్థమైపోతుంది. మొదటి సీజన్ చివరి కథ ‘మ్యాడ్ ఐడాలట్రీ’ మాత్రం నాకిష్టం. మన లెక్కన 11 రోజులకొకసారి ప్రత్యక్షమయ్యే ఒక గ్రహంలో ఆలోగా 700 ఏళ్ళు గడుస్తాయి. కెల్లీ ఒక పాపకు తగిలిన గాయాన్ని మాన్పినందుకు అక్కడ ఆమె పేరిట ఒక మతమే పుట్టుకువస్తుంది. ఇటువంటి గ్రహం ‘స్టార్ ట్రెక్: వాయేజర్’లో 2000లోనే ఉంది, అయినా చేసిన మేలుకు బాధ్యత ఎంతవరకు అన్న ప్రశ్న ఇక్కడ సొంతం.

రెండో సీజన్ నడిమధ్యన వచ్చిన రెండు భాగాల ‘ఐడెంటిటీ’తో విమర్శకుల స్వరం మారింది. నౌకలో అందరూ నమ్మిన కృత్రిమ జీవి ఐజాక్, తనను పంపిన కేలాన్ జాతి తరఫున గూఢచారి అని తేలడం, ఆ జాతి తనను సృష్టించినవారిని సమూలంగా చంపివేసిందన్న నిజం డాక్టర్ కొడుకు కంటపడటం చూసినప్పుడు, అప్పటిదాకా నవ్వుతూ చూసినవారు కూడా నిటారుగా కూర్చున్నారు. రెండో సీజన్‌కు రాటెన్ టొమాటోస్‌లో 100 శాతం వచ్చిందని అభిమానులు గర్వంగా చెబుతుంటారు. ఆ సీజన్ గురించి రాసిన సమీక్షకులే చాలా కొద్దిమంది. తొలి ఎపిసోడ్లు చూసి తిట్టినవారిలో చాలామంది తిరిగి వచ్చి చూడనే లేదు. కాబట్టి ఆ 100ను పశ్చాత్తాపంగా భావించనక్కరలేదు.

మూడో సీజన్ దగ్గర అభిమానులే రెండుగా విడిపోయారు. ఫాక్స్ ఆస్తులు డిస్నీ చేతికి పోవడం, ధారావాహిక హులూ అనే చందా వేదికకు మారడం, 2020లో కోవిడ్ వల్ల చిత్రీకరణ నిలిచిపోవడం కలిసి 2019 ఏప్రిల్ నుంచి 2022 జూన్ వరకు ఎదురుచూపే మిగిలింది. తిరిగి వచ్చినప్పుడు ప్రకటనలకు చోటు వదలవలసిన కట్టడి లేదు, నిడివికి హద్దు లేదు, ‘మిడ్‌నైట్ బ్లూ’ దాదాపు గంటన్నర సాగింది. జోకులు బాగా తగ్గాయి. ఇదే దాని శిఖరమని పెద్దన్నయ్య వంటివారు అంటారు. ఇంతకుముందు 45 నిమిషాలలో చెప్పిన దానినే అంతరిక్ష దృశ్యాలతో లాగారని విసుక్కున్నవారూ ఉన్నారు. కథలు పదునెక్కాయని ఒప్పుకుంటూనే, నిడివి విషయంలో నేను రెండో పక్షంలో ఉంటాను: ప్రకటనలకు చోటు విడిచేటప్పుడు సన్నివేశాన్ని ఎక్కడ తెంచాలో వారికి తెలిసేది, ఆ కట్టడి పోయిన తరువాత నౌక రేవులోంచి బయటికి రావడానికే చాలా సేపు పడుతోంది. కొత్తగా చూడదలచినవారికి నేను మొదటి ఎపిసోడ్ వదిలేసి ‘అబౌట్ ఎ గర్ల్’తో మొదలుపెట్టమంటాను, అన్నయ్య వరుసగా చూడమంటాడు, మేనల్లుడు మూడో సీజన్ జోలికే పోవద్దంటాడు.