బొర్లా పడుకుని చదివిన పుస్తకాల కోసం

నాన్న అమెరికాలో, ఒహాయోలోని కొలంబస్‌లో, యూనివర్సిటీలో పరిశోధన చేసిన రోజుల్లో మా ఇంటికి అప్పుడప్పుడూ ఓ పెద్ద బొమ్మల పుస్తకం వచ్చేది. మామూలు కామిక్స్ షాపులో గిర్రున తిరిగే స్టాండులో ఉండేవి. ఇవి అందులో పట్టేవి కావు. దాదాపు 10 అంగుళాల వెడల్పు, 13న్నర అంగుళాల పొడుగు. పాత సూపర్‌మ్యాన్, బ్యాట్‌మ్యాన్, స్పైడర్‌మ్యాన్ కథల్నే పెద్ద సైజులో మళ్ళీ అచ్చేసి, 1970లలో డీసీ, మార్వెల్ అనే కామిక్స్ కంపెనీలు రెండూ అమ్మేవి. మామూలు పుస్తకం పావు డాలరైతే ఇది ఒక డాలరో, ఒకటిన్నరో. అక్కకీ నాకూ కలిపి ఒక్కటే కొనేవారు. నేలమీద పరిచి, ఎడమ పేజీ వైపు అక్క, కుడి పేజీ వైపు నేను బొర్లా పడుకునేవాళ్ళం.

1979లో ఇండియాకి తిరిగి వచ్చేటప్పుడు సామాను బరువెక్కువైందని పదకొండు పుస్తకాలూ పక్కింటి పిల్లలకిచ్చేశాం. నాలుగేళ్ళుగా ఒక్కొక్కటే వెతికి కొంటున్నాను. ఎనిమిది దొరికాయి. మిగతా మూడింటి కోసం ఈ జూన్‌లో అక్కా నేనూ కారు అద్దెకు తీసుకుని కొలంబస్ నుంచి క్లీవ్‌లాండ్‌కి బయల్దేరాం. ఐ-71 హైవే మీద 140 మైళ్ళు. రెండున్నర గంటల దారికి మూడు రోజులు పెట్టుకున్నాం.

ముందు ఒహాయో స్టేట్ యూనివర్సిటీలోని బిల్లీ ఐర్లండ్ కార్టూన్ లైబ్రరీకి వెళ్ళాం. గ్రంథాలయాలు మైక్రోఫిల్మ్ తీసుకుని పాత దినపత్రికల్ని పారేస్తుంటే, బిల్ బ్లాక్‌బియర్డ్ అనే ఆయన వాటిని ఏరి దాచారు. ఆ 75 టన్నుల కాగితం 1998లో ఆరు పెద్ద ట్రక్కుల్లో ఇక్కడికి చేరింది. పాత ఆదివారం పేజీ ఒకదాన్ని చూశాను. ఒక్క కథ నిలువెత్తు పేజీ అంతా పరుచుకుని ఉంది. బొమ్మల కథలు పుట్టిన సైజు అదే. చేతిలో ఇమిడే పుస్తకం తర్వాత వచ్చిన కుదింపు. మా పెద్ద పుస్తకాలు చదువుతుంటే ఎందుకంత ఊపిరాడినట్టుండేదో నాకు అక్కడ తెలిసింది.

దారిలో ఓ పాత సామాన్ల సంతలో ఆగాం. ఈ పుస్తకాల్ని నిలబెడితే అట్ట వంగిపోతుంది, అందుకే పెట్టెల అడుగున పడుకోబెట్టి ఉంచుతారు. వాటిని తీయాలంటే పైవన్నీ దించాలి. కొన్నిటి వెనక అట్టమీద కత్తిరించి నిలబెట్టుకునే బొమ్మలుండేవి, కాబట్టి తిప్పి చూడకుండా కొనకూడదు. మడత నలగనివి, తెరిచినట్టే లేనివి చాలామందికి కావాలి. నాకక్కర్లేదు. మూలలు మెత్తబడి, ఎవరో చదివిన గుర్తున్నదే కావాలి. పేజీలు మాత్రం అన్నీ ఉండాలి.

1976లో రెండు డాలర్లకి వచ్చిన సూపర్‌మ్యాన్-స్పైడర్‌మ్యాన్ పుస్తకం అక్కడే దొరికింది. ఇది పాత కథల అచ్చు కాదు, రెండు కంపెనీలూ కలిసి వేసిన కొత్త కథ. రాత్రి మోటెల్లో మంచం మీద పరిచి చదువుతుంటే, పోట్లాట మధ్యలో మాట తెగిపోయింది. పిన్నుల దగ్గర కాగితం చిరిగిన అంచు వేలికి తగిలింది. నడిమి షీటు లేదు, అంటే నాలుగు పేజీలు పోయాయి. తెల్లారి వెళ్తే అమ్మినాయన బల్ల ఎత్తేశాడు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. అక్క "ఒరేయ్, పోట్లాట ఎలా ముగిసిందో నాకు గుర్తుందిరా, చెప్తాను" అని కారు నడుపుతూ చెప్పింది. రెండోసారి ఇంకొక దుకాణంలో కొన్నప్పుడు పేజీలు లెక్కపెట్టుకున్నాను. మహమ్మద్ అలీతో సూపర్‌మ్యాన్ బాక్సింగ్ చేసే 1978 పుస్తకం కూడా అక్కడే దొరికింది. రింగు చుట్టూ కూర్చున్న ప్రముఖులు ఎవరెవరో లోపలి అట్టమీద నంబర్లతో సహా ఉంది.

మూడోది క్లీవ్‌లాండ్‌లో. సూపర్‌మ్యాన్ మొదటి కథ వచ్చిన 1938 నాటి యాక్షన్ కామిక్స్ మొదటి సంచికని 1974లో ఉన్నదున్నట్టు పెద్దగా అచ్చేసిన పుస్తకం. బయటి అట్ట ఊడదీస్తే లోపల అసలు అట్టే ఉంటుంది, అలా ఊడదీసి అసలుదని అమ్మి మోసం చేసినవాళ్ళున్నారు. స్కేలు పెడితే బయటపడుతుంది, అసలుది చాలా చిన్నది. నాకు దొరికినదానికి రెండట్టలూ ఉన్నాయి. మొదటి పేజీ తీశాను. జెరోమ్ సీగెల్, జో షూస్టర్ అన్న పేర్లున్నాయి. సూపర్‌మ్యాన్‌ని సృష్టించి, హక్కులు 130 డాలర్లకి ఇచ్చేసిన ఇద్దరు కుర్రాళ్ళు వాళ్ళు. 1940లలో కోర్టుకెళ్ళాక వాళ్ళ పేర్లు సూపర్‌మ్యాన్ కథల మీద నుంచి తీసేశారు. 1975 చివర్లో గానీ కంపెనీ ఏటా డబ్బివ్వడానికీ పేరు వేయడానికీ ఒప్పుకోలేదు. మేము చదివిన మామూలు పుస్తకాల్లో అప్పటికి ఆ పేర్లు లేవు. ఈ పెద్ద పుస్తకం పాతదాన్ని ఏమీ మార్చకుండా అచ్చేసింది కాబట్టి మా కళ్ళబడ్డాయి. "సీగెల్" ఎలా పలకాలో అక్కే నాకు నేర్పింది.

క్లీవ్‌లాండ్‌లోని గ్లెన్‌విల్ పేటలో, కింబర్లీ ఎవెన్యూలో సీగెల్ ఉన్న ఇల్లు ఇప్పటికీ ఉంది. షూస్టర్ ఉన్న అపార్ట్‌మెంటు కూల్చేశారు. ఆ ఖాళీ స్థలం కంచె పొడుగునా సూపర్‌మ్యాన్ మొదటి కథ పేజీల్ని పెద్ద పలకలుగా బిగించారు. మనిషి ఎత్తున నిలబడి ఉన్నాయి. అక్క నా పుస్తకం తెరిచి రెండు చేతులతో ఓ పలక పక్కన ఆనించింది. అదే పేజీ. అక్కడి నుంచి చివరి పలక దాకా వంతులవారీగా పైకి చదువుకుంటూ నడిచాం.