నిద్ర చాలని బడి

పొద్దున ఆరున్నరకే ఒంగోలు బస్టాండులో ఉన్నాను. పదో తరగతికి ఎనిమిదింటికల్లా స్పెషల్ క్లాసు. ఆధార్ చూపించి జీరో టికెట్టు తీసుకున్నాను కానీ సీటు మాత్రం దొరకలేదు. టంగుటూరు దాటి కొండపి రోడ్డు ఎక్కేదాకా నిలబడే ఉన్నాను. ఆ తర్వాత కిటికీ పక్కన చోటు దొరికింది. మంచు ఇంకా విడలేదు. పొలాల మధ్య పొగాకు బ్యారన్ల (ఆకును వేడితో ఆరబెట్టే గదుల) మీద నుంచి పొగ లేస్తోంది.

ఫిబ్రవరి వస్తే మా బడి చుట్టుపక్కల ఊళ్ళకు నిద్ర ఉండదు. పగలు ఆకు రెలుపులు (కోతలు), కర్రలకు అల్లడం, బ్యారన్‌లోకి ఎక్కించడం. ఎక్కించాక ఆరేడు రోజులు మంట ఆరకూడదు. మొదట 95 డిగ్రీల దగ్గర ఆకు పసుపు తిరగాలి. చివర్లో ఈనె ఆరేటప్పటికి వేడి 160 దాకా పోతుంది. అక్కడ అంతా ఫారెన్‌హీట్ లెక్కే. వేడి ఒక్కసారిగా పెరిగినా, పడిపోయినా ఆకు చెడిపోతుంది. అందుకని రాత్రంతా ఎవరో ఒకరు పొయ్యి దగ్గర కూర్చోవలసిందే.

మూడో బెంచీ పిల్లవాడు (పేరు రాయను) ఈరోజు కూడా పుస్తకం మీద చెంప ఆనించి నిద్రపోయాడు. లేపకుండా పక్కన కూర్చున్నాను. వేళ్ళకు నల్లగా పొగాకు బంక. ఎంత కడిగినా అది ఒక పట్టాన వదలదు. వాడి నోట్సు పేజీ తిప్పబోతే రెండు కాగితాలు అంటుకుని కలిసి వచ్చాయి. మధ్యలో బొటనవేలి ముద్ర.

లేచి కంగారుగా నిలబడ్డాడు. "పన్నెండు నుంచి నాలుగు దాకా నా వంతు మేడమ్. నాలుగింటికి నాయన లేస్తాడు" అన్నాడు. నాలుగింటికి పడుకుని, ఆరింటికి లేచి, అరగంట ఆకు అల్లి బడికి వచ్చాడు.

పదో తరగతి పరీక్షల కోసం పెట్టిన వంద రోజుల ప్రణాళికలో నా దత్తతకు ఇచ్చిన ఆరుగురిలో వీడొకడు. మార్చిలో పబ్లిక్ పరీక్షలు. లెక్కల్లో 35 రావాలి. నిన్నటిదాకా వీడు బద్ధకస్తుడనే అనుకున్నాను. అక్టోబరు నుంచి చూస్తున్నాను కదా, ఒక్కసారైనా రాత్రి ఎన్నింటికి పడుకుంటావని అడగలేదు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ మనసు బాగోలేదు.

అంకశ్రేఢులు (ఒకే తేడాతో సాగే సంఖ్యల వరసలు) చెబుతున్నాను. పుస్తకంలో ఒకవైపు ఇంగ్లీషు, పక్క పేజీలో తెలుగు. వాడు "కామన్ డిఫరెన్స్" అని గడగడా అంటాడు, అదేమిటంటే నోరు మెదపడు. అందుకని పుస్తకం మూసేశాను. "బ్యారన్‌లో ఇప్పుడు 95 ఉంది. గంటకు 2 డిగ్రీలు పెంచుతున్నావు. పది గంటలయ్యాక ఎంత?" అన్నాను.

"115" అన్నాడు, వెంటనే.

పలక మీద 95, 97, 99 అని వరసగా రాసి, 115 ఎన్నో పదమో చూడమన్నాను. లెక్కపెట్టి "పదకొండోది" అన్నాడు. పది గంటలైతే పదకొండో పదం ఎందుకైందని అడిగాను. "మొదట మంట వేసినప్పుడున్న 95 కూడా లెక్కే కదా మేడమ్" అన్నాడు.

n-వ పదం కనుక్కునే సూత్రంలో n లోంచి 1 ఎందుకు తీసేస్తామో ఈ పద్దెనిమిదేళ్ళలో ఎన్ని రకాలుగా చెప్పానో! ఇంత సూటిగా మాత్రం ఎప్పుడూ చెప్పలేకపోయాను. తరవాత మొత్తం కనుక్కునే సూత్రానికి వచ్చాం. వాడు ఆలోచించి, "వేడిని ఎందుకు కూడతాం మేడమ్?" అని అడిగాడు. నిజమే, ఎవరు కూడతారు? సరే, ఆకు అల్లిన కర్రల లెక్కలోకి మార్చుదామని వరసలు గీస్తుండగా బెల్లు కొట్టారు.

ఆ తర్వాత నా చేతిలో ఏమీ లేదు. యాప్‌లో హాజరు, భోజనాల లెక్క. పరీక్ష మార్కులు పుస్తకంలో ఒకసారి, ఆన్‌లైన్‌లో ఇంకోసారి. ఒకమ్మాయి ఇంటిపేరు ఆధార్‌లో ఒకరకంగా, బడి రికార్డులో ఇంకోరకంగా ఉంటే దాని వెనక రెండు పీరియడ్లు పోయాయి. ఈ లెక్కలన్నీ అవసరం లేదని అనను. పిల్లలకు పుస్తకాలు, బూట్లు, గుడ్డు అందుతున్నాయంటే ఈ లెక్కల వల్ల కూడా. కానీ ఒక పిల్లవాడి పక్కన కూర్చునే ముప్పావుగంట నాకు రోజులో ఒకసారే దొరుకుతోంది, అదీ బడి మొదలుకాక ముందు.

మధ్యాహ్నం స్టాఫ్ రూములో సోషల్ మేడమ్ శిశు వికాసం గైడు పట్టుకుని కూర్చున్నారు. 2001 డీఎస్సీ ఆవిడది. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది కదా, టెట్ (టీచర్ల అర్హత పరీక్ష) లేకుండా చేరి, రిటైరవడానికి ఇంకా అయిదేళ్ళకు మించి ఉన్న టీచర్లంతా రెండేళ్ళలో అది పాసవ్వాలని. ఆవిడకు ఇంకా పదేళ్ళకు పైనే ఉంది. 150 బిట్లు, బీసీ కాబట్టి 75 రావాలి. పాతికేళ్ళుగా ఊళ్ళో సగం మందికి పాఠం చెప్పినావిడ రాత్రి ఒంటిగంట దాకా బిట్లు చదువుతున్నారు. "ఫెయిలైతే పిల్లల ముఖం ఎట్లా చూడాలమ్మా" అన్నారు. నాకేం చెప్పాలో తెలియక, శిశు వికాసం బిట్లు నేను అడుగుతానన్నాను. టీచర్లకు పరీక్ష వద్దని నేననను. కానీ ఆవిడ పిల్లలకు ఎలా చెబుతున్నారో ఒక్కరోజు తరగతిలో కూర్చుని చూసినవాళ్ళు ఎవరూ లేరు. అది బాధగా ఉంది.

మూడింటికి పాత విద్యార్థి ఒకడు స్టడీ సర్టిఫికెట్ కోసం వచ్చాడు. బీటెక్ అయిపోయింది, చెన్నై దగ్గర ఉద్యోగం వచ్చింది. ఒరిజినల్స్ కాలేజీలో ఉన్నాయి. ప్రభుత్వం నుంచి ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయి రాలేదు, ఆ డబ్బు నువ్వు కట్టి తీసుకుపో అన్నారట. ఆ ఫీజు కొన్నేళ్ళు తల్లుల ఖాతాల్లో వేశారు, మళ్ళీ కాలేజీలకే అన్నారు. ఎటు తిరిగినా మధ్యలో నలిగింది పిల్లలే. సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ, ఏఐసీటీఈ రెండూ చెప్పినవే. ఆ మాటే చూపిస్తూ అర్జీ ఒకటి రాయించాను. హెడ్మాస్టరు గారు కూడా ఫోన్ చేసి మాట్లాడతానన్నారు. "ఇప్పుడేం చేస్తున్నావురా" అంటే, సింగరాయకొండ వైపు రొయ్యల చెరువు దగ్గర రాత్రి కాపలా అన్నాడు. రాత్రిపూట నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుంది, ఏరేటర్లు ఆగకుండా చూడాలి. వాడి కళ్ళు కూడా ఎర్రగానే ఉన్నాయి.

సాయంత్రం బస్సు ఎక్కబోయే ముందు మూడో బెంచీ పిల్లవాడి నాన్నకు ఫోన్ చేశాను. మీవాడు నిద్రపోతున్నాడని మొదలుపెట్టగానే ఆయన గొంతు తగ్గిపోయింది. "తెలుసు మేడమ్. పోయినేడు వేలంలో ఎవరూ కొనక బేళ్ళు నోబిడ్ అయి తిరిగొచ్చినాయి. అప్పు అట్లాగే ఉంది. కూలోళ్ళు దొరకట్లేదు. పగలంతా ఆకు కొట్టి రాత్రంతా నేనే కూర్చుంటే పొయ్యిలో పడేటట్టున్నా. ఇంకో రెండు బ్యారన్లు. పరీక్షల నాటికి అయిపోద్ది."

ఆ మనిషికి నేనేం నీతి చెప్పగలను? చాలాసేపు ఆలోచించి ఒక మాట అడిగాను. వంతు మార్చుకోండి, మీరు అన్నం తినగానే పడుకోండి, వాడు ఎనిమిది నుంచి పదకొండు దాకా పుస్తకం పెట్టుకుని పొయ్యి దగ్గర కూర్చుంటాడు, పదకొండుకు మిమ్మల్ని లేపి ఆరింటి దాకా నిద్రపోతాడు, పొద్దున ఆకు అల్లడం మాత్రం పరీక్షలయ్యేదాకా వద్దు. ఆయన కొంచెంసేపు మాట్లాడలేదు. తరవాత "ఈ రాత్రికి అట్లాగే చేద్దాం మేడమ్" అన్నాడు.

రేపటికి కర్రల లెక్క రాసి పెట్టుకున్నాను. అడుగు వరసలో 12, పై వరసలో 15, ఆ పైన 18. దీన్నైతే కూడడంలో అర్థం ఉంది.

గోడ గడియారం పదకొండుకు అయిదు నిమిషాలు తక్కువ చూపిస్తోంది. ఇంకో అయిదు నిమిషాల్లో వాడు నాయనను లేపాలి.